సున్నం కింది పేరు

వానలు వెలిసిన తరువాత ఒక మధ్యాహ్నం ఎమ్మిగనూరులో మా ఇల్లు వెతుక్కుంటూ ఒక అమ్మాయి వచ్చింది. పేరు హసీనా. ఆదోనిలో కాలేజీ పిల్లలకు చరిత్ర చెబుతుందట. గడప బయటే చెప్పులు విడిచి, "గోరీల తోట అవ్వ మనవరాలంటే మీరేనా అమ్మా?" అని అడిగింది. ఆ మాట విని ఎన్నేళ్లయిందో! పెళ్లయి ఈ ఊరికి వచ్చాక నేను మగ్గం ఇంటి కోడలిని, తరువాత ఫలానా వాళ్ల అమ్మను, ఇప్పుడు ఫలానా పిల్లల జేజిని. గోరీల తోట అవ్వ మనవరాలు అనే మనిషి ఒకతి ఉండేదని నేనే మరిచిపోయాను. మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టాను.

ఆమె సంచిలోంచి ఒక పెద్ద నోటుపుస్తకం తీసింది. ఆదోని కొండ కింద ఉన్న పాత దొరల సమాధులన్నిటినీ తన పిల్లలతో కలిసి రాసుకుంటోందట. ఎవరి సమాధి, రాయి ఏది, దాని మీద ఏం చెక్కారు, ఆ మనిషి తాలూకు బంధువులు ఎవరైనా ఉన్నారా అని వరుసగా గళ్లు. "అన్నీ అయినాయమ్మా. ఒక్కటే నిలిచిపోయింది. మూలన దేవగన్నేరు కింద, చుట్టూ తీగ చెక్కినారు చూడండి, అది. అక్షరాలు ఉండాయని వేలికి తెలుస్తాంది గాని సున్నం రాయి మాదిరి అయిపోయింది. కడిగి చూస్తామని చర్చి పెద్దల దగ్గర పర్మిషను తెచ్చుకున్నాం. అంతలోపల మీకేమన్నా తెల్సేమో అడుగుదామని వచ్చినా." నేను ఆమె చేయి పట్టుకున్నాను. "నేనూ వస్తానమ్మా. నేను వచ్చేదాకా దాని మీద నీళ్లు పోయొద్దు" అన్నాను. ఆ సున్నం కింద ఏ పేరుందో నాకు తెలుసు. దాన్ని ఆఖరుసారి కప్పింది నేనే. అది బయటపడితే మా అమ్మకంటూ ఈ భూమి మీద నాకు మిగిలిన ఒక్క చోటూ పోతుందేమోనని భయం. 

మేము దాన్ని శ్మశానం అనేవాళ్లం కాదు. తోట అనేవాళ్లం. అది నిజంగా తోటే. నడుమెత్తు రాతి గోడ, గోడ వెంబడి సీతాఫలం పొదలు, లోపల వేపచెట్లు, మూలమూలనా దేవగన్నేర్లు. ఎండాకాలంలో చుట్టూ ఊరంతా పెనం మాదిరి కాలుతుంటే ఆ గోడ లోపలికి అడుగుపెడితే చల్లగా ఉండేది. కొండ మీది గుండ్లు సాయంత్రం ఎర్రబడి, ఆ ఎరుపు సమాధుల తెలుపు మీద పడేది. కుంపిణీ కాలంలో కలరాతో పోయిన సోల్జర్లు, పెద్ద కరువులో బావులు తవ్విస్తూ జ్వరంతో పడిపోయిన మిషను దొర, పాలు మరవని దొరల బిడ్డలు, తరువాతి రోజుల్లో మన ఉపదేశులు, పంతుళ్లు, అందరూ అక్కడే. మా తాత ఆ తోటకు కావలి. తాత పోయాక ఆ పని మా అవ్వకు వచ్చింది. గేటు పక్కన ఒంటి గది, దాని ముందు రేకుల పంచ, అదే మా ఇల్లు. మా నాన్న జిన్నింగు మిల్లులో పని చేసేవాడు. సాయంత్రం వచ్చేసరికి ఆయన కనుబొమల మీద, చెవుల మీద దూది పట్టి ఉండేది. అవ్వ కొంగుతో దులుపుతూ, "ఈడు దినానికొకసారి ముసిలోడై ఇంటికొస్తాడు" అని నవ్వేది.

ఆ దూదే నన్ను బడికి పోనివ్వలేదు. పత్తి సీజనులో ఆదోని గాలంతా నూగు. బడి ఉన్నది మిల్లుల మధ్య. నాకు చిన్నప్పటి నుంచీ ఆయాసం. రెండు వారాలు పోతే మూడు వారాలు మంచం. చివరికి అవ్వ నాన్నతో, "దానికి ఊపిరుంటే సదువుకుంటాది. ఊపిరి లేకుండ సదువు దేనికిరా? నేను సెప్తాలే" అన్నది. అవ్వ చిన్నతనంలో మిషను బంగళాలో ఆయాగా ఉండి అక్షరాలు నేర్చుకున్నది. నాకు పలక కొనలేదు. తోటే పలక. మన పంతుళ్ల సమాధుల మీద, కొందరు దొరల సమాధుల మీద కూడా తెలుగు చెక్కి ఉండేది. ఒక్కొక్క అక్షరంలో నా వేలు పెట్టించి దిద్దించేది. అందుకే నాకు 'అ' రాకముందు 'ని' వచ్చింది. ప్రతి రాతి మీదా ఎవరో ఒకరు నిద్రించుచున్నారు కదా. ఇంతమంది నిద్రపోతుంటే ఈ చిలకలు ఇట్ల అరుస్తాయేమి అని అడిగితే, "లేప్తాండాయి మే. వీళ్లు సోమరులు, లేయరు" అనేది.

అవ్వ చనిపోయినవాళ్లతో మాట్లాడేది. భయంతోనో భక్తితోనో కాదు, ఇరుగుపొరుగుతో మాట్లాడినట్లు. వాళ్ల అసలు పేర్లు రాతి మీద ఉన్నా అవ్వ పెట్టిన పేర్లు వేరు. గుర్రం మీద నుంచి పడి పోయిన ఆయన గుర్రం దొర. రాయి పగిలి ఎప్పుడూ వంగి ఉండే ఆయన దగ్గు దొర. "ఏం దొరా, ఈ తూరి కాకులన్నీ నీ తలకాయనే సూసుకున్యాయే" అంటూ చీపురుతో రెట్ట గీకేది. దారిన పోయేవాళ్లు గోడ మీదుగా చూసి, "ఓ యవ్వా, సచ్చిన దొరలకు ఇంత సాకిరీ జేస్తాండావే, బతికినప్పుడు నీకేమిచ్చిరి?" అని ఎగతాళి చేసేవాళ్లు. అవ్వ తల ఎత్తకుండానే, "నీళ్లబాయి ఇచ్చినారు, అక్షరమిచ్చినారు. నువ్వేమిస్తివి? మాట ఇస్తివి. పో పో" అనేది. కృతజ్ఞత అంటే ఏమిటో నేను ప్రసంగాల్లో నేర్చుకోలేదు. ఆ చీపురు శబ్దంలో నేర్చుకున్నాను. ఇప్పటికీ ప్రార్థనకు మోకరించినప్పుడు నాకు ముందు వినిపించేది అదే.

ఏడాదికంతా పెద్ద పని ఈస్టరు ముందు వారం. సమాధుల పండుగకు తోటంతా సున్నం కొట్టాలి. సున్నపు రాళ్లు తెచ్చి సగం కోసిన డ్రమ్ములో వేసి నీళ్లు పోస్తే అవి కుతకుతా ఉడికేవి. ఆ ఆవిరి తగిలితే నాకు ఆయాసం వస్తుందని అవ్వ నన్ను గేటు దాకా తరిమేది. చల్లారాక పిలిచేది. పాత చీరతో వడగట్టడం, నానబెట్టిన తుమ్మబంక కలపడం, చిటికెడు నీలి వేయడం నా పని. కిత్తనారను దంచి కట్టిన కుంచెతో అవ్వ పూసేది. సున్నం ఆరాక అసలైన పని మొదలయ్యేది. పూత అక్షరాల గుంటల్లోకి దిగిపోతే పేరు కనపడదు గదా. అందుకని పుల్లతో ఒక్కొక్క అక్షరంలో సున్నం తీసి, దీపపు మసిలో ఆముదం కలిపి, పుల్లకు దూది చుట్టి, తెల్లటి రాతి మీద నల్లగా దిద్దేవాళ్లం. పేరు దిద్దని సమాధికి పండుగ లేదని అవ్వ నియమం. ఆ వారమంతా మా వేళ్లు ఒకవైపు పగిలి తెల్లగా, ఒకవైపు జిడ్డుగా నల్లగా ఉండేవి. పని అయ్యాక అవ్వ బొరుగులతో చేసే ఉగ్గాని తింటుంటే పగుళ్లలో నిమ్మరసం మండేది. ఆ మంట, ఆ రుచి రెండూ కలిసే నాకు ఈస్టరు.

ఒక్క సమాధికి మాత్రం మసి లేదు. అది మా అమ్మది.

మా అమ్మ సంతోషమ్మ నాకు మూడేళ్లప్పుడు కాన్పులో పోయింది. ముఖం గుర్తు లేదు. గుర్తున్నదల్లా ఆ సమాధే. తోటలోకెల్లా అందమైనది. రాయి చుట్టూ తీగ, తలవైపున తల వాల్చిన ఒక మొగ్గ. చాలాకాలం నేను దాన్ని జొన్నకంకి అనుకున్నాను. అమ్మ కోతలకు పోయేదని విన్నాను గనుక కంకి చెక్కడం సబబుగానే తోచింది. దేవగన్నేరు పూలు రాలి దాని మీద పడితే ఏరేదాన్ని కాదు, అమ్మ తలలో పెట్టుకుందని వదిలేసేదాన్ని. ఆయాసం తగ్గిన రోజుల్లో పోయి ఆ రాతికి చెంప ఆనించి పడుకునేదాన్ని. పగలంతా ఎండ తాగిన రాయి సాయంత్రం దాకా వెచ్చగా ఉండేది. అమ్మ ఒళ్లు అలాగే ఉంటుందని నేను నమ్మాను. ఇంకోరకంగా తెలిసే అవకాశం నాకు లేదు.

"అవ్వా, అందరికీ మసి దిద్దుతాం, అమ్మకెందుకు దిద్దము?" అని ఏటా అడిగేదాన్ని. అవ్వ అన్నిటికన్నా చిక్కటి సున్నం దానికే పూసేది, రెండు పూతలు, మూడు పూతలు. "మీ యమ్మ పేరు దేవునికి తెల్సు, నీకి తెల్సు, నాకి తెల్సు. ఇంకెవురికి సెప్పల్ల మే?" అనేది. అది గొప్ప మాటలాగా తోచి ఊరుకునేదాన్ని. ఇంకొకటి మాత్రం నాకు సహించేది కాదు. మా నాన్న ఒక్క ఏడాదైనా ఆ సమాధి దగ్గరికి వచ్చేవాడు కాడు. ఈస్టరు ఉదయం అందరూ కొవ్వొత్తులతో వాళ్లవాళ్ల సమాధుల చుట్టూ చేరితే, ఆయన ఎటో పోయి, పొద్దెక్కాక కాళ్లకు ఇసుకతో వచ్చేవాడు. తాగడానికి పోయాడని కూడా అనుకున్నాను. ఆయన తాగడు. ఐనా అనుకున్నాను. దేవుడు నన్ను క్షమించాలి.

ఎమ్మిగనూరు సంబంధం కుదిరి, ఈస్టరు తరువాత పెళ్లి అనుకున్న ఏడాది, నాకొక ఆలోచన పుట్టింది. నేను వెళ్లిపోతాను. అవ్వకు చూపు తగ్గుతోంది. రేపు ఎవరైనా వచ్చి ఇది ఎవరిదని అడిగితే చెప్పేదెవరు? అమ్మ పేరు నల్లగా దిద్ది పోదామనుకున్నాను. అవ్వ చర్చికి పోయిన ఒక మధ్యాహ్నం తడిగుడ్డతో రాయి నానబెట్టి, పుల్లతో గోకాను. ఏళ్లకేళ్ల సున్నం బిళ్లలుగా లేచి వచ్చింది. పైన ఇంగ్లీషు. అది నాకు రాదు, దాటేశాను. కింద తెలుగు. మొదటి అక్షరం తేలింది. 'లూ'. ఏదో పొరపాటు అనుకుని రెండోది గోకాను. చివరిదాకా గోకాను. లూసీ దొరసానిగారు. ఇరువది మూడేండ్ల ప్రాయమున నిద్రించిరి. అంతే.

అవ్వ వచ్చి చూసింది. ఏం చేశావని అరవలేదు. చేతిలోని పాటల పుస్తకం గట్టున పెట్టి, నా పక్కనే నేల మీద చతికిలబడింది.

"మా యమ్మ యాడుంది అవ్వా?"

"వంక గడ్డన పూడ్సినాము. మనట్ల కూలోళ్లందరికీ అప్పుడు ఆడనే గదా. ఆ యేడే వంకకు నీళ్లొచ్చి గడ్డ తెగిపోయినాది. నలభై మందిదో యాభై మందిదో పోయినాది. మీ యమ్మదీ పోయినాది."

"మరి నాకు ఇది ఎందుకు చూపించినావు?"

"నువ్వు అన్నం మానుకుంటివి మే. అమ్మ యాడ, అమ్మ యాడ అని ఒకటే నస. వంక కాడికి తోల్కపోయి నీళ్లు సూపియ్యల్నా? సెయ్యి పట్టుకుని ఈ తోటంతా తిప్పినా. నువ్వే దీని కాడ నిల్సుకున్యావు. ఈ తీగ మీద సెయ్యి పెట్టి, ఈడనా అంటివి. ఈడనే అంటి." అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయమ్మ పిల్లా జెల్లా లేకుండ పోయినాది. ఆయమ్మను సూసేకి ఎవురూ రారు. నీకి పోయేకి సోటు లేదు. ఇద్దర్నీ ఒక తావ కూసోబెడితి. దాంట్లో నాది తప్పుంటే ఆ పైన లెక్క నేను సెప్పుకుంటాలే, నువ్వు సెప్పొద్దు."

నాకు కోపం రాలేదని రాయను. రెండు రోజులు అవ్వతో మాట్లాడలేదు. నాకు చదువు చెప్పిన మనిషి, నేను చదవకూడదని ఒక్క పేరు ఇన్నేళ్లు దాచింది! మూడో రోజు ఆదివారం నాన్న నన్ను పిలిచి, "రాప్పా, పోదాం" అన్నాడు. ఊరు దాటి వంక దాకా నడిచాం. తుమ్మచెట్లు, ఇసుక, మధ్యలో పాము పాకినట్లు సన్నటి తడి. అంతే. నాన్న చెప్పులు విడిచి నిలబడి, "ఈడ్నే యాడ్నో. సరీగా యాడో నాకూ తెల్దు పాపా" అన్నాడు. ఆయన కాళ్లు ఇసుకలో కూరుకుపోతున్నాయి. ఆ ఇసుకను నేను ఎన్ని ఈస్టర్లు తప్పుగా అర్థం చేసుకున్నానో అప్పుడు తెలిసింది. నేను చేయి పెట్టడానికి చుట్టూ వెతికాను. ఏ రాయీ లేదు, చెక్కా లేదు, ఎండకు వెచ్చబడిన ఏ గట్టూ లేదు. అన్నం మానుకున్న మూడేళ్ల పిల్లను ఇక్కడికి తెస్తే ఏమయ్యేదో అప్పుడు నా కళ్ల ముందు కనిపించింది.

తిరిగి వచ్చి సున్నం కలిపాను. బంక ఎక్కువ వేశాను. లూసీ దొరసాని అక్షరాలను నా చేత్తో, ఒక్కటి వదలకుండా, మూడు పూతలు పూసి కప్పాను. అవ్వ గది గడపలో కూర్చుని నాకేసి చూస్తూ ఉంది. అయ్యాక, "ఉగ్గాని జేసేదా?" అని మాత్రం అడిగింది. చెయ్యమన్నాను.

ఆ తరువాత కొన్నేళ్లు ఈస్టరుకు పోతూనే ఉన్నాను. కడుపులో ఒకరు, చంకలో ఒకరు. అవ్వ పోయింది, నాన్న పోయాడు. వాళ్లిద్దరినీ ఊరి కొత్త సమాధుల స్థలంలో పెట్టాం. తోటకు కావలి లేకుండా పోయింది, నా రాకపోకలూ తగ్గాయి. ఇప్పుడు మా దగ్గర అన్నీ నల్ల గ్రానైటు సమాధులు. మా ఆయన రాతి మీద యంత్రంతో చెక్కిన ఫోటో కూడా ఉంది. అచ్చు ఆయనే. సున్నం అక్కర్లేదు, మసి అక్కర్లేదు, గుడ్డతో తుడిస్తే మెరుస్తుంది. మంచిదే. కానీ చేయడానికి పని లేకపోయేసరికి అక్కడ ఎంతసేపని నిలబడతాం? కొవ్వొత్తి వెలిగించి, పావుగంటలో ఇంటికి వస్తున్నాం. అప్పట్లో వారం రోజులు వాళ్ల మధ్యనే ఉండేవాళ్లం, వాళ్ల పేర్లలో వేళ్లు పెట్టి.

హసీనా చెప్పిన రోజున మొదటి బస్సుకే ఆదోని వెళ్లాను. మిల్లుల గొట్టాల్లో సగం పొగ మానేశాయి. ఆ దూది గాలి ఇప్పుడు లేదు. నాకు కావలసినప్పుడు దొరకని మంచి ఊపిరి ఇప్పుడు ఊరంతా ఉంది. తోట గోడ ఒకవైపు కూలింది. వేపలు రెండే మిగిలాయి. దగ్గు దొర పూర్తిగా పడుకున్నాడు. ఐనా గేటు దాటగానే ఆ చల్లదనం ముఖానికి తగిలింది. ఎవరో నా పేరు పెట్టి పిలిచినట్లయింది. దేవగన్నేరు అలాగే ఉంది, అదే మూల, కింద రాలిన పూలతో. హసీనా విద్యార్థినులు బకెట్లతో, మెత్తటి బ్రష్షులతో నిలబడి ఉన్నారు. "మొదలుపెడదామా అమ్మా? మీరు వద్దంటే ఆపేస్తాం" అన్నది హసీనా. నా ముఖంలో ఆమెకు ఏదో కనిపించి ఉంటుంది.

ఒక్క క్షణం వద్దనే అందామనుకున్నాను. తరువాత అవ్వ నియమం గుర్తుకొచ్చింది. పేరు దిద్దని సమాధికి పండుగ లేదు. ఇరవై మూడేళ్ల పిల్ల, ఎక్కడి నుంచో వచ్చి ఈ ఎండల్లో పోయింది. నా కోసం ఎన్ని పండుగలు పేరు లేకుండా ఊరుకుంది! మా అమ్మా దాదాపు ఆ వయసుదే. చెంప ఆనిస్తే కాదనలేదు. కంకి అంటే కంకి అనిపించుకుంది. సంతోషమ్మా అంటే పలికింది.

"బ్రష్షు ఇటివ్వమ్మా" అన్నాను.

నా పూత ముందు లేచింది. బంక ఎక్కువైన పూత, మొండిగా లేచింది. దాని కింద అవ్వ పూతలు నీలి మెరుస్తూ పొరలు పొరలుగా వచ్చాయి. ప్రతి పొరకూ నేను లోలోపల స్తోత్రం చెప్పుకున్నాను. ఇంగ్లీషు తేలింది, హసీనా చదివింది. తెలుగు తేలింది, దాన్ని నేనే చదివాను, వేలు పెట్టి, అవ్వ నేర్పినట్లు. సంచిలో డబ్బా తెచ్చుకున్నాను. ఇంట్లో దీపానికి పట్టిన మసి, ఆముదం, పుల్లకు చుట్టిన దూది. హసీనా దగ్గర అనుమతి అడిగి, నీళ్లు పోస్తే పోతుందని చెప్పి, ఒక్కొక్క అక్షరం నల్లగా దిద్దాను. ఒక్క గీతా దాటలేదు.

అవ్వ కథంతా హసీనాకు చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. ఆమె గట్టు మీద కూర్చుని నోటుపుస్తకంలో గళ్లు నింపుకుంటూ పోయింది. పేరు రాసింది, వయసు రాసింది, తీగ, మొగ్గ అని రాసింది. ఆఖరు గడి దగ్గర కలం ఆపి, తనలో తాను అనుకున్నట్లు, "బంధువులు... తెలీదు" అన్నది.

"తెలీదని రాయొద్దు తల్లీ" అన్నాను. "ఒక కూతురుండాదని రాయి. ఎమ్మిగనూరులో."

ఆ పిల్ల రాతి మీది సంవత్సరం చూసింది. నా ముఖం చూసింది. నల్లగా ఉన్న నా వేళ్లు చూసింది. ఆ గడిలో రాసుకుంది.